ఆ రాత్రి మేం తప్పు చేశామా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 36, మావారికి 42. పెళ్ళయి 13 ఏళ్ళు, తొమ్మిదేళ్ళ పాప ఉంది. మా అత్తయ్యగారు పక్షవాతంతో ఏడు నెలలు మంచాన ఉండి, 2025 శ్రావణమాసంలో పోయారు. మనిషిని పెట్టుకోకుండా అన్నీ మావారే చేశారు. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా వెళ్ళిపోయాక, పద్నాలుగో రోజు రాత్రి ఆయనే నా దగ్గరికి వచ్చారు. కలిశాం. ఆ తర్వాత గంటసేపు వెక్కి వెక్కి ఏడ్చారు. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా నన్ను తాకలేదు. అద్దెకి తెచ్చిన ఆసుపత్రి మంచం తిరిగి ఇచ్చేశాం. హాల్లో ఆ మంచం ఉన్నచోటే చాప వేసుకుని పడుకుంటున్నారు. అడిగితే 'నాకు నిద్ర పట్టట్లేదు, నిన్నెందుకు లేపడం' అంటారు. ఆయన జాతకం ఒకరికి చూపించాను. సింహరాశి, పుబ్బ నక్షత్రం. 'అష్టమ శని నడుస్తోంది, శుక్రుడు కన్యలో నీచపడ్డాడు, దాంపత్యం నిలవదు, రెండో పెళ్ళి సూచన ఉంది, 40 వేలతో శాంతి చేయించాలి' అన్నారు. నాకేమో ఆయన కావాలనిపిస్తోంది. ఇల్లు ఇలా ఉంటే నాకిదేంటని సిగ్గేస్తోంది. ఏటిసూతకంలో ఆ రాత్రి మేం తప్పు చేశామా? అత్తయ్య చీరలు బీరువాలో అలాగే ఉన్నాయి, వాటినేం చేయాలో కూడా చెప్పండి.
- పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు:

అమ్మా,

ముందు మీ ప్రశ్నకే జవాబు చెబుతాను. మీరు తప్పు చేయలేదు. మీ ఉత్తరం చదివి నేను మొదట లెక్కపెట్టింది ఆ రోజుల్నే. తల్లి పోతే కొడుక్కి ఆశౌచం పది రోజులు. ఆ పది రోజులూ, శ్రాద్ధం పెట్టే రోజూ, దాని ముందు రాత్రీ కర్త బ్రహ్మచర్యంలో ఉండాలన్నది పెద్దల నియమం. మీరు చెప్పిన పద్నాలుగో రోజు వీటిలో దేనికిందకీ రాదు. ఏడాదంతా నియమంగా ఉండే ఇళ్ళు ఉన్నాయి, కాదనను. మీ ఇంట్లో ఏముందో మీ పురోహితుణ్ణి అడగండి. అడిగేటప్పుడు జరిగింది చెప్పనక్కర్లేదు, ముందు ముందు ఎలా ఉండాలో అడిగితే చాలు.

మీవారు మాత్రం ఆ లెక్క వేసుకుని ఉండరు. ఆయన మనసులో వేరే లెక్క నడుస్తోందని నా అనుమానం. 'అమ్మ పోయి రెండు వారాలు కాలేదు, నాకు ఆ బుద్ధి ఎలా పుట్టింది?' ఆయన చాప హాల్లోకి వెళ్ళడానికి కారణం ఇదేననిపిస్తోంది. ఆయన మీ మీద విరక్తితో వెళ్ళలేదు. తన మీద తనకు కలిగిన అసహ్యంతో వెళ్ళారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది తల్లీ. మీరు ఎనిమిది నెలలుగా మొదటిదే అనుకుంటూ నలిగిపోతున్నారు.

చావు చూసిన ఇంట్లో కోరిక పుట్టడం వింతేమీ కాదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎంతోమంది గొంతు తగ్గించి, చుట్టూ చూసుకుని ఈ మాట చెప్పారు. ఒకరికి కోరిక పూర్తిగా చచ్చిపోతుంది. ఇంకొకరికి ముందెన్నడూ లేనంతగా పుడుతుంది. ఒకే మనిషికి ముందు అలా, తర్వాత ఇలా కావడమూ ఉంది. మీవారికి జరిగింది అదే. నెలల తరబడి చల్లబడుతున్న శరీరాన్ని పట్టుకుని ఉన్న చేతులు వెచ్చటి శరీరాన్ని వెతుక్కున్నాయి. పది రోజుల కర్మలో పదిమంది ముందు రాని ఏడుపు మీ దగ్గర వచ్చింది. ఆయన ఏడవగలిగిన ఒకే ఒక్క చోటు మీ పక్క. ఆ గంటసేపు ఆయన ఏడ్చింది పశ్చాత్తాపంతోనే అని ఎందుకనుకోవాలి? అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా అప్పుడు వదిలింది.

ఇక జాతకం సంగతి. నేను మా నాన్నగారి దగ్గర పంచాంగం పట్టుకుని కూర్చున్నదాన్ని, ఈ శాస్త్రాన్ని నమ్మేదాన్ని. కాబట్టే మీకు ఎవరో చెప్పిన మాట వింటే బాధ కలిగింది. అందులో పేర్లు నిజమే, తీర్పు మాత్రం నిజం కాదు.

శుక్రుడు కన్యలో నీచలో, అంటే బలహీనంగా ఉన్నాడన్నారు. ఉండనివ్వండి. ఆయన జాతకచక్రంలో పుట్టినరోజు నుంచీ అక్కడే ఉన్నాడు. మీరు 13 ఏళ్ళు కాపురం చేశారు, బిడ్డని కన్నారు, ఆ 13 ఏళ్ళూ ఆ శుక్రుడు అక్కడే ఉన్నాడు కదా! 42 ఏళ్ళుగా కదలని గ్రహాన్ని ఎనిమిది నెలల మార్పుకి కారణం అనడం ఏం న్యాయం? అష్టమ శని అన్నారు. నిజమే, 2025 మార్చి చివర్లో శని మీనంలోకి వచ్చాడు, సింహరాశికి అది ఎనిమిదో ఇల్లు. అయితే ఊళ్ళో సింహరాశివాళ్ళంతా భార్యల్ని వదిలేస్తున్నారా? మీనంలో ఉన్న శని చూపు వృషభం, కన్య, ధనుస్సుల మీద పడుతుంది. సింహానికి కళత్రస్థానం, అంటే దాంపత్యాన్ని చూసే ఏడో ఇల్లు కుంభం. దాని మీద ఆ చూపు లేదు. మీకు దాచకుండా ఇంకోటి కూడా చెప్పాలి. ఆ కుంభానికి అధిపతి శనే. 2025 మే నుంచి ఆయన జన్మరాశిలో, అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న సింహంలో కేతువు, ఎదురుగా కుంభంలో రాహువు ఉన్నారు. కేతువు చంద్రుడి మీద నడిచేటప్పుడు మనిషి ఇంట్లోనే ఉండి ఇంట్లో లేనట్టు ఉంటాడు. ఆ లక్షణం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. కానీ ఇవన్నీ నడిచిపోయేవి. గోచారాన్ని, అంటే ఇప్పటి గ్రహాల నడకని చూసి రెండో పెళ్ళి చెప్పేవాళ్ళని నేను జ్యోతిష్కులనను.

నేను ఆ జాతకంలో ముందు చూసేది వేరే. నాలుగో ఇంటికి మనవాళ్ళు పెట్టిన పేర్లు చూడండి: మాతృస్థానం, గృహస్థానం, సుఖస్థానం. తల్లి, ఇల్లు, సుఖం మూడూ ఒకే గది. మనసుకి కారకుడు చంద్రుడు, తల్లికీ చంద్రుడే. తల్లి పోయినప్పుడు మనసు, ఇల్లు, సుఖం అన్నీ కలిసి కదిలిపోతాయని ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? పన్నెండో ఇల్లూ అంతే. అది వ్యయస్థానం, పోగొట్టుకున్నవన్నీ అక్కడే. మోక్షమూ అక్కడే, నిద్రా అక్కడే. శయనసుఖం, అంటే భార్యాభర్తల పక్క సుఖం, అదీ అక్కడే. పోయినవాళ్ళ లెక్కా, పక్క మీద సుఖమూ ఒకే ఇంట్లో పెట్టిన పెద్దలకి ఈ రెండూ ఒకదాన్నొకటి తగులుకుంటాయని తెలియకుండా ఉంటుందా?

ఇప్పుడు పుబ్బ నక్షత్రం సంగతి చెబుతాను, ఇది మీవారికి కూడా చెప్పండి. సింహరాశిలో మొదటిది మఖ. దానికి అధిదేవతలు పితృదేవతలు. మఖ పక్కనే పుబ్బ. దానికి అధిదేవత భగుడు, గ్రహం శుక్రుడు, గుర్తు మంచం. ఆ పక్కన ఉత్తర, అధిదేవత అర్యముడు. మీ పెళ్ళిలో పాణిగ్రహణం చేస్తూ ఆయన మీ చెయ్యి పట్టుకున్నప్పుడు చదివించిన మంత్రంలో 'భగో అర్యమా సవితా పురంధిః' అని ఉంటుంది. ఈ దేవతలు నిన్ను నాకిచ్చారు అని. ఆ అర్యముడి గురించే గీతలో విభూతియోగంలో 'పితౄణామర్యమా చాస్మి' అని ఉంది. పితృదేవతల్లో అర్యముణ్ణి నేను అని. పెళ్ళిలో మీ చెయ్యి ఆయన చేతిలో పెట్టినవాడూ, ఇవాళ మీ అత్తయ్యగారు చేరుకున్న పితృలోకానికి పెద్దా ఒకడే. మరి ఆవిడ మీ పక్క చూసి బాధపడతారా చెప్పండి?

ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కితే సింహరాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. బాగా మెరిసే చుక్క మఖ. దానికి తూర్పుగా పుబ్బవి రెండు, ఇంకాస్త తూర్పుకి ఉత్తరవి రెండు. నాలుగూ కలిపితే మంచం కోళ్ళు. ఒకటి మసగ్గా ఉంటుంది, చీకటిగా ఉన్న వైపు నిలబడాలి. పల్లెలో ఉన్నారు కాబట్టి మీకు కనిపిస్తుంది. పాపని కూడా తీసుకెళ్ళండి. ఆయన్ని చూపించమనండి.

ఇప్పుడు గ్రహాలు చెప్పని సంగతి. ఏడు నెలలు ఆయన తల్లికి ఒళ్ళు తుడిచారు, గుడ్డలు మార్చారు, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి ఉంటారు. కొడుకు తల్లి శరీరాన్ని అలా చూడాల్సి రావడం చిన్న విషయం కాదు. అంతకుముందు ఆయనకి స్పర్శ అంటే మీరు, పాప. ఆ ఏడు నెలల్లో స్పర్శ అంటే డెట్టాలు వాసన, డైపరు, మూలుగు. రాత్రి రెండింటికి లేవడం శరీరానికి అలవాటైంది, లేపేవాళ్ళు పోయినా అది లేస్తూనే ఉంది. అందుకే నిద్ర లేదు. నిద్ర లేని ఒంట్లో కోరిక ఉండదు, ఇది మామూలు శరీరధర్మం. మంచం అద్దెకిచ్చినవాళ్ళు పట్టుకెళ్ళారు, ఆయన డ్యూటీ మాత్రం దిగలేదు. ఆ చోటులోనే పడుకుని ఇంకా కాపలా కాస్తున్నారు.

కాబట్టి ఆయన్ని గదిలోకి లాగాలని చూడకండి. మీ చాపే హాల్లోకి తీసుకెళ్ళండి. పాపని కూడా. ఎండాకాలం కదా, హాల్లో గాలి బాగుంటుందంటే సరిపోతుంది, పెద్ద కారణం అక్కర్లేదు. ముగ్గురూ అక్కడే పడుకోండి, ఆయన చాపకీ మీ చాపకీ జానెడు దూరం ఉంచి. కొన్నాళ్ళు అంతే. ఆ తర్వాత ఒక రాత్రి, పాప నిద్రపోయాక, ఈ మాట అనండి: 'ఆ రోజు రాత్రి గురించి నాకేం బాధ లేదండీ. మీరు నా దగ్గర ఏడ్చారు కదా, అది నాకు నచ్చింది. మీకు తప్పనిపిస్తోందేమోనని నా దిగులు.' అని ఊరుకోండి. జవాబు కోసం చూడకండి. ఆయన అటు తిరిగి పడుకోవచ్చు. పడుకోనివ్వండి, మాట చెవిన పడింది కదా. 'ఎందుకు రావట్లేదు', 'నేను నచ్చట్లేదా' అన్న ప్రశ్నలు మాత్రం ఇప్పుడు వద్దు. మీకు అడిగే హక్కు లేదని కాదు. ఇప్పుడడిగితే ఆయనకి అది ఇంకో పరీక్షలా తగులుతుంది.

నాది కూడా చెబుతాను. మా నాన్నగారు పోయినప్పుడు నాకు మీవారిలాగే అయింది. మావారు వంటింట్లోకి వచ్చి వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి గరిటె వదిలేశాను. పప్పంతా స్టవ్వు మీద. ఆ రోజు ఆయన ముఖం చూసి ఎంత బాధపడ్డానో, అయినా చెయ్యి వేయించుకోలేకపోయాను. ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి నేను చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తుంటే ఎదురుగా వచ్చి పీట వాల్చుకుని తనూ తీసేవారు. పళ్ళెం మధ్యలో. ఒకోసారి ఇద్దరి వేళ్ళూ ఒకే కాయ మీద పడేవి. అంతే. అలా ఎన్ని కూరలయ్యాయో! ఓ సాయంత్రం నేనే ఆయన వేలు వదల్లేదు. నాకు స్పర్శ తిరిగొచ్చింది పడగ్గదిలో కాదు, ఆ పళ్ళెంలో.

1970 నుంచీ సెక్సు చికిత్స చేసే నిపుణులు దంపతులకి చెబుతున్నదీ ఇలాంటిదే. కొన్ని వారాలు కలయిక ఊసే వద్దని ఇద్దరూ ఒప్పుకుని, చేతులు, వీపు, పాదాలు మాత్రం తాకమంటారు. ఇది ఎక్కడికీ దారి తీయనక్కర్లేదు అని తెలిసినప్పుడే భయపడిన ఒళ్ళు సడలుతుంది. మీకు మన ఆచారమే ఇక్కడ సాయం చేస్తుంది. సంవత్సరీకం దాకా నియమంగా ఉండాలని ఆయనకి ఉంటే, 'సరే, ఉందాం. ఇద్దరం కలిసి ఉందాం. కాళ్ళకి నూనె రాస్తే మాత్రం వద్దనకండి' అనండి. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి మాసికం ఒకటి ఎక్కువ, సంవత్సరీకం నెల ఆలస్యంగా వస్తుంది. ఆ తేదీ ఇద్దరికీ తెలిసి ఉండటం మంచిది. ఎప్పటిదాకానో తెలియని దూరం కన్నా, తేదీ ఉన్న నియమాన్ని ఓర్చుకోవడం తేలిక. తేదీ వచ్చిందని ఆ రాత్రే అన్నీ మామూలైపోవాలని మాత్రం లెక్కపెట్టుకోకండి.

కాలం గురించి కూడా ఒక్కటి చెబుతాను. 2026 జూన్ మొదట్లో గురువు కర్కాటకంలోకి, అంటే తను బాగా బలంగా ఉండే ఉచ్చరాశిలోకి వస్తాడు. సింహానికి అది పన్నెండో ఇల్లు, ఇందాక చెప్పిన శయనస్థానం. నిద్రకీ మనసు కుదుటపడటానికీ అది మంచి కాలమని నా నమ్మకం. అది హామీ కాదు. మీరు చాప వేసి ఉంచితే గురువు కూర్చోవడానికి చోటుంటుంది.

మీ కోరిక గురించి సిగ్గుపడ్డానని రాశారు. ఎందుకమ్మా? అత్తయ్య మంచాన ఉన్న ఆ ఏడు నెలల బరువూ మోసింది మీరు కూడా కదా! ఆ ఇంట్లో దుఃఖం ఆయనకొక్కరికే ఉందా? మీ బాధ గురించి అడిగినవాళ్ళు లేరు, మీరూ చెప్పుకోలేదు. ఆయన కావాలనిపించడం, ఎవరైనా దగ్గరికి తీసుకుంటే బాగుండుననిపించడం మీ ఒంట్లో పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ మర్యాద ఉంది. మీ ఒంటిని మీరు ఓదార్చుకున్నా తప్పు లేదు. ఎనిమిది నెలలు చెప్పుకునే మనిషి లేకుండా ఉన్నారు, మీ అమ్మగారింట్లోనో, స్నేహితురాలి దగ్గరో నాలుగు రోజులు ఉండి రండి. అలిగి కాదు, చెప్పి వెళ్ళండి.

డాక్టరు దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళాలి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, దిగులుకి ఇచ్చే మాత్రలు కొన్ని కోరికని తగ్గిస్తాయి. షుగరు, థైరాయిడు కూడా. ఆయన ఏమైనా వాడుతున్నారా, తాగుడు అలవాటు పెరిగిందా మీరు రాయలేదు. రక్తపరీక్ష పెద్ద పని కాదు. అలాగే, తల్లి ధ్యాస తప్ప ఇంకేదీ పట్టకుండా, పని మానేసి, పాపని కూడా పట్టించుకోకుండా రోజులు గడుస్తుంటే అది మామూలు దుఃఖం దాటినట్టు. తగ్గని దుఃఖానికి వైద్యులు విడిగా పేరు పెట్టి చికిత్స చేస్తున్నారు. ఆరు నెలలు దాటితే చూడాలని ఒక పద్ధతి, పన్నెండు నెలలని ఇంకో పద్ధతి. మీవారు పనికి వెళ్తున్నారు, పాపతో మాట్లాడుతున్నారు అంటే ఇంకా కంగారు పడక్కర్లేదు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మీరు కూడా చేయవచ్చు, ఆయనే చేయాలని లేదు. 'నేనూ అమ్మ దగ్గరికి పోతే బాగుండు' లాంటి మాట ఎప్పుడైనా వస్తే మాత్రం ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి.

ఆ 40 వేలు ఇవ్వకండి. అప్పు చేసైతే అసలు వద్దు. శాంతి చేసుకోవాలని మనసుకుంటే, చంద్రుడికి చెప్పింది బియ్యం, శనికి చెప్పింది నువ్వులు. అవి రెండూ మీ వంటింట్లో ఉన్నాయి. ప్రతి మాసికానికీ, మంచాన పడ్డ మనిషిని చూసుకుంటున్న ఇల్లు ఒకటి వెతికి, ఆ పూటకి క్యారేజీ పంపండి. మీ ఊళ్ళో అలాంటి ఇల్లు లేకుండా ఉండదు. క్యారేజీ ఆయన చేత్తోనే ఇప్పించండి. గుమ్మంలో నిలబడి ఆ ఇంటి కొడుకుతోనో కోడలితోనో రెండు నిమిషాలు మాట్లాడతారు. పుండ్లు పడకుండా ఎలా పక్కకి తిప్పాలో చెబుతారు. ఆయనకి తెలిసిన ఆ విద్య ఇంకొకరికి అక్కరకి రావడం ఆయన చూడాలి.

చీరల గురించి. అన్నీ ఒకేసారి తీయొద్దు, ఆయన లేనప్పుడు అసలే తీయొద్దు. ముందు మీ ఆడపడుచులకి నచ్చినవి ఇవ్వండి. ఆవిడ రోజూ కట్టిన మెత్తటి నేత చీరలు ఒక నాలుగు ఉంచుకుని పాపకి బొంత కుట్టండి, నానమ్మ బొంత అని కప్పుకుంటుంది. హాల్లోనే పరిచి కుట్టండి, ఆ మంచం ఉన్నచోటే. పొరలు జరిగిపోకుండా ఒక పక్క పట్టుకోవాలి కదా, ఆ అంచు ఆయన్ని పట్టుకోమనండి.